రక్షించని రక్షణ ఉత్తర్వు: నష్టపరిహారం ఎవరివ్వాలి?

అనంతపురం జిల్లా గుత్తి మెజిస్ట్రేటు కోర్టులో గృహహింస కేసు (డీవీసీ) వేసిన ఒక ఇల్లాలికి రక్షణ ఉత్తర్వు చేతికొచ్చిందనుకుందాం. భర్త ఆమె మీద చెయ్యి చేసుకోకూడదు, ఆమె పనిచేసే చోటికీ పిల్లల బడికీ పోకూడదు, ఫోన్లో బెదిరించకూడదు, ఆమెకు ఆసరాగా నిలబడిన అమ్మానాన్నల జోలికి వెళ్లకూడదు అని 2005 నాటి గృహహింస చట్టంలోని 18వ సెక్షన్ కింద మెజిస్ట్రేటు ఆదేశించవచ్చు. ఆ ఉత్తర్వు ప్రతిని ఆమెకూ, భర్తకూ, ఆ పరిధిలోని పోలీస్ స్టేషన్ అధికారికీ ఉచితంగా ఇవ్వాలని 24వ సెక్షన్ చెబుతోంది. ఆమె వచ్చి రద్దు చేయమని కోరేదాకా అది అమల్లో ఉంటుందని 25వ సెక్షన్ అంటుంది. దాన్ని మీరితే ఏడాది దాకా జైలు, 20 వేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. పైగా అది వారెంటు లేకుండా అరెస్టు చేయదగ్గ, బెయిలు హక్కు లేని నేరం. ఉల్లంఘన జరిగిందని తేల్చడానికి బాధితురాలి సాక్ష్యం ఒక్కటే చాలని కోర్టు భావించే వీలు కూడా 32వ సెక్షన్ కల్పించింది. కాగితం మీద చూస్తే ఇంతకన్నా గట్టి కవచం ఇంకేముంటుంది? చిక్కంతా ఆ కాగితం పోలీస్ స్టేషన్ గడప దగ్గర ఆగిపోయినప్పుడు వస్తుంది. అతను తాగొచ్చి తలుపులు బాదుతున్నాడని ఆమె ఫిర్యాదు చేస్తే, మొగుడూ పెళ్లాల గొడవలో మేమెందుకు, పెద్దమనుషుల్లో కూర్చుని మాట్లాడుకోండి అని పంపేస్తారు. వారం తిరక్కుండా ఆమె చెయ్యి విరుగుతుంది, లేదా ప్రాణమే పోతుంది. అప్పుడు భర్త మీద కేసు పెడతారు, అతనికి శిక్ష కూడా పడొచ్చు. మరి కోర్టు ఉత్తర్వు ఫైల్లో ఉండగా, ఫిర్యాదు చేతిలో ఉండగా కదలని వ్యవస్థ సంగతేమిటి? ఆమెకు జరిగిన నష్టంలో దాని వాటా ఎంత?

ఈ ప్రశ్నకు గృహహింస చట్టం సగం జవాబే చెబుతుంది. రక్షణ అధికారి, అంటే ప్రొటెక్షన్ ఆఫీసర్, సరైన కారణం లేకుండా మెజిస్ట్రేటు ఆదేశాన్ని అమలు చేయకపోతే ఏడాది దాకా జైలు లేదా 20 వేల దాకా జరిమానా అని 33వ సెక్షన్‌లో ఉంది. కానీ వెంటనే 34వ సెక్షన్ అడ్డం వస్తుంది: రాష్ట్ర ప్రభుత్వమో, అది అధికారమిచ్చిన అధికారో ముందుగా అనుమతిస్తే తప్ప ఆ కేసు నడవదు. ఆ తర్వాత 35వ సెక్షన్, సద్భావంతో చేసిన పని వల్ల నష్టం జరిగితే రక్షణ అధికారి మీద దావా వేయకూడదంటుంది. ఇక పోలీసుల విషయానికొస్తే, బాధితురాలికి రక్షణ కల్పించమనీ ఉత్తర్వు అమలుకు సాయపడమనీ స్టేషన్ అధికారిని ఆదేశించే అధికారం 19వ సెక్షన్ మెజిస్ట్రేటుకు ఇచ్చింది గానీ, ఆ అధికారి పట్టించుకోకపోతే బాధితురాలికి ఏం దక్కుతుందో ఒక్క ముక్క చెప్పలేదు. 22వ సెక్షన్‌లో నష్టపరిహారం ఉంది. అయితే అది కొట్టినవాడి దగ్గర్నుంచి రావాల్సిందే తప్ప, కాపాడాల్సిన ప్రభుత్వం నుంచి రాదు. వేరుశనగ ఎండిపోయి అప్పుల్లో ఉన్న కుటుంబంలో, కూలి డబ్బు కూటికే చాలని ఇంట్లో ఆ పరిహారం వసూలయ్యే అవకాశం ఎంతో చెప్పనక్కర్లేదు. ఈ ఖాళీని పూడ్చాల్సింది ప్రభుత్వ సివిల్ బాధ్యత అనేది ఈ వ్యాసం వాదన. రక్షిస్తానని ఒక మనిషి పేరు రాసి మాటిచ్చిన రాజ్యం, ఆ మాట తప్పి నష్టం జరిగితే ఆ నష్టాన్ని పూరించాలి. ఇదేదో పరాయి దేశం నుంచి అరువు తెచ్చుకోవాల్సిన సూత్రం కాదు. దానికి పునాది రాయలసీమ గడ్డ మీదే పడింది, అదీ ఒక సబ్‌జైలు గదిలో.

1977లో కర్నూలు జిల్లా అవుకు పోలీస్ స్టేషన్‌లో నమోదైన ఒక కేసులో చల్లా చిన్నప్పరెడ్డి, ఆయన కొడుకు చల్లా రామకృష్ణారెడ్డి నిందితులు. ఇద్దరినీ కోయిలకుంట్ల సబ్‌జైల్లో ఒకే గదిలో ఉంచారు. తమ ప్రాణాలకు ముప్పు ఉందని వాళ్లు ముందే చెప్పుకున్నారు. తగిన కాపలా పెట్టలేదు. మే 5వ తేదీ రాత్రి గడిచి 6వ తేదీ తెల్లవారుతుండగా కొందరు జైల్లోకి చొరబడి ఆ గదిలోకి బాంబులు విసిరారు. తండ్రి తీవ్ర గాయాలతో కర్నూలు ఆస్పత్రిలో చనిపోయాడు, కొడుకు గాయాలతో బయటపడ్డాడు. కుటుంబం ప్రభుత్వం మీద 10 లక్షల రూపాయల పరిహారానికి దావా వేసింది. కాలపరిమితి దాటిందని కింది కోర్టు దావా కొట్టేసింది. హైకోర్టు ఆ తీర్పును తిరగరాసి, 1,44,000 రూపాయలు వడ్డీతో సహా చెల్లించమంది. రాష్ట్ర ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. జైళ్ల నిర్వహణ సార్వభౌమ విధి, అందులో జరిగిన పొరపాటుకు దావా చెల్లదని వాదించింది. 2000 సంవత్సరంలో సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కు ముందు సార్వభౌమ రక్షణ అనే పాత డాలు నిలవదని తేల్చింది. ఖైదీ అయినంత మాత్రాన ఆ హక్కు పోదని కూడా చెప్పింది.

ఈ కేసులో గమనించాల్సింది ఒకటుంది. బాంబులు వేసింది పోలీసులు కాదు. ప్రభుత్వం ఎవరినీ చంపలేదు. బయటివాళ్లు చంపుతుంటే ఆపలేకపోయింది, అదీ ముప్పు ముందే తెలిసి. అంటే ప్రభుత్వ బాధ్యత దాని చేత్తో జరిగిన హింసకే పరిమితం కాదని, తెలిసిన ముప్పును ఆపే ప్రయత్నం చేయకపోవడం కూడా అందులోకి వస్తుందని మన సుప్రీంకోర్టు ఆంధ్రప్రదేశ్ కేసులోనే ఒప్పుకుంది. గృహహింసలోనూ కొట్టేది మూడో మనిషే. ముప్పు సంగతి ముందే తెలుసు. తెలియడమంటే గాలివాటు కబురు కాదు, మెజిస్ట్రేటు సంతకంతో స్టేషన్‌కు చేరిన కాగితం. కోయిలకుంట్ల కుటుంబం తమకు ముప్పు ఉందని అధికారులకు చెప్పుకోవాల్సి వచ్చింది. రక్షణ ఉత్తర్వు ఉన్న స్త్రీ విషయంలోనైతే గృహహింస జరిగిందని, లేదా జరిగే ప్రమాదం ఉందని ఇరుపక్షాల మాటా వినే అవకాశమిచ్చి ఒక న్యాయాధికారి ప్రాథమికంగా నమ్మాడు. ముప్పు ఎంతవరకు నిజమనే మొదటి ప్రశ్న అక్కడికే తీరిపోయింది.

ఆస్తి విషయంలోనైతే కోర్టులు ఇంకా ముందుకు వెళ్లాయి. మొదట్లో మాత్రం అలా లేదు. 1964లో కస్తూరిలాల్ కేసులో సుప్రీంకోర్టు, మీరట్ పోలీసులు స్వాధీనం చేసుకున్న బంగారాన్ని హెడ్ కానిస్టేబులే ఎత్తుకుపోయినా సార్వభౌమ విధి పేరుతో ప్రభుత్వాన్ని వదిలేసింది. ఆ తీర్పు చాలాకాలం దావాదారులను భయపెట్టింది. 1994లో మళ్లీ ఒక ఆంధ్రప్రదేశ్ కేసే దాని పట్టు సడలించింది. 1975లో నిత్యావసర వస్తువుల చట్టం కింద అధికారులు ఒక వ్యాపారి ఎరువులూ ధాన్యమూ జప్తు చేశారు. తర్వాత కేసు తేలి సరుకు తిరిగిచ్చేసరికి అది చెడిపోయింది. ఎన్. నాగేంద్రరావు అండ్ కంపెనీ పేరుతో నడిచిన ఆ దావాలో, చట్టం అప్పగించిన పనిలో అధికారి నిర్లక్ష్యం చూపితే ఆ నష్టం ప్రభుత్వమే భరించాలని సుప్రీంకోర్టు చెప్పింది. సంక్షేమ రాజ్యంలో సార్వభౌమ విధి, సాధారణ విధి అన్న గీత చెరిగిపోతోందని కూడా వ్యాఖ్యానించింది. గోదాములో చెడిపోయిన ఎరువు బస్తాకు ప్రభుత్వం జవాబు చెప్పాలంటే, స్టేషన్ ఫైల్లో పడి ఉన్న ఉత్తర్వు వల్ల విరిగిన ఎముకకు ఎందుకు చెప్పకూడదు? రెండింటిలోనూ చట్టం అప్పగించిన పనే ఉంది, తెలిసి చేసిన అలసత్వమే ఉంది. ఎరువుకు ఒకసారి ధర కట్టి ఇచ్చేస్తే లెక్క తీరుతుంది. మనిషి విషయంలో అది తీరదు. తేడా అంతవరకే.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది. జైల్లో ఉన్న మనిషి ప్రభుత్వం చేతిలో ఉన్నాడు, తలుపు తాళం జైలరు దగ్గరుంది. ఇంట్లో ఉన్న స్త్రీ అలా కాదు. నేరం ఎక్కడ జరుగుతుందో పోలీసులకు ఎలా తెలుస్తుంది, ప్రతి ఇంటికీ కాపలా పెట్టగలరా? ఈ అభ్యంతరానికి కోర్టుల మద్దతు కూడా ఉంది. రాజ్‌కోట్‌లో చెట్టు కూలి ఒక మనిషి చనిపోయిన కేసులో 1997లో సుప్రీంకోర్టు మునిసిపాలిటీ బాధ్యతను ఒప్పుకోలేదు. ఢిల్లీ ఉపహార్ సినిమా హాలు అగ్నిప్రమాదం మీద 2011లో ఇచ్చిన తీర్పులో, థియేటరు యాజమాన్యం మీదా విద్యుత్ బోర్డు మీదా పరిహారం భారం ఉంచి, లైసెన్సు ఇచ్చే అధికారులను మాత్రం వదిలేసింది. దురుద్దేశం లేనిదే, చట్టం అప్పగించిన సాధారణ విధిలో లోపాలకు పరిహారం రాదన్నది ఆ తీర్పు సారాంశం. ఈ అభ్యంతరాన్ని తేలిగ్గా తీసేయడానికి లేదు. కానీ ఆ రెండు కేసుల్లోనూ విధి లోకం మొత్తానికి సంబంధించింది. ఏ చెట్టు ఎవరి మీద పడుతుందో, ఏ హాల్లో ఎవరు కూర్చుంటారో అధికారులకు తెలియదు. రక్షణ ఉత్తర్వులో కాపాడాల్సిన మనిషి పేరుంది, ఎవరి నుంచి కాపాడాలో ఆ పేరుంది, ఏయే చోట్లకు రాకూడదో ఉంది, ఎవరు అమలుకు సాయపడాలో కూడా ఉంది. ఇది ఊరందరికీ ఉన్న సాధారణ విధి కాదు, ఒక మనిషికి పేరు పెట్టి ఇచ్చిన హామీ. ప్రతి ఇంటికీ కాపలా పెట్టమని ఎవరూ అడగడం లేదు. ఫిర్యాదు వచ్చిన ఇంటికి వెళ్లమంటున్నారు, అంతే. పైగా ఆ స్త్రీ స్వేచ్ఛగా ఉందన్న మాట సగమే నిజం. ఊరు మారిపోవడం, పుట్టింటికి వెళ్లడం వంటి దారులు వదిలి, కోర్టు ఉత్తర్వును నమ్ముకుని అదే ఇంట్లో ఉండిపోతుంది. ఉమ్మడి ఇంట్లో ఉండే హక్కు ఆమెకు చట్టమే ఇచ్చింది. నమ్మకం కలిగించి నిలబెట్టిన వాళ్లకు, ఆ నమ్మకాన్ని నిలబెట్టుకునే బాధ్యత కూడా ఉంటుంది.

ఇదే ప్రశ్న అమెరికాలో అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్లి ఓడిపోయింది, ఆ ఓటమి మనకు పాఠం. కొలరాడో రాష్ట్రంలోని కాజిల్ రాక్ పట్టణంలో 1999 జూన్ 22 సాయంత్రం, ఒక స్త్రీ భర్త మీద కోర్టు నిషేధ ఉత్తర్వు ఉండగానే అతను వాళ్ల ముగ్గురు ఆడపిల్లలను తీసుకుపోయాడు. ఆ ఉత్తర్వు వెనుక వైపు, దీన్ని అమలు చేయడానికి అన్ని సమంజసమైన మార్గాలూ వాడాలని పోలీసులకు ఆదేశం అచ్చువేసి ఉంది. తల్లి ఆ రాత్రి పదేపదే పోలీసులకు ఫోన్ చేసింది. పది దాకా చూడమన్నారు, తర్వాత పన్నెండు దాకా ఆగమన్నారు. అర్ధరాత్రి దాటాక ఆమె స్వయంగా స్టేషన్‌కు వెళ్లింది. తెల్లవారుజామున మూడు దాటాక భర్త పోలీస్ స్టేషన్ దగ్గరికే వచ్చి కాల్పులు జరిపాడు, ఎదురుకాల్పుల్లో చనిపోయాడు. అతని వాహనంలో ముగ్గురు పిల్లల శవాలు దొరికాయి. తల్లి పట్టణం మీద దావా వేసింది. 2005 జూన్ 27న అమెరికా సుప్రీంకోర్టు ఏడుగురికి ఇద్దరు తేడాతో ఆమెకు వ్యతిరేకంగా తీర్పిచ్చింది. ఉత్తర్వు అమలు చేయడంలో పోలీసులకు విచక్షణ ఉంటుందని, దాన్ని అమలు చేయించుకునే హక్కు ఆమెకు రాజ్యాంగం కాపాడే 'ఆస్తి' కాదని మెజారిటీ చెప్పింది. ఆ కేసు మొత్తం ఆస్తి అన్న భావన చుట్టూ తిరిగింది. మన దగ్గర ప్రశ్న అలా ఉండాల్సిన పని లేదు. 21వ అధికరణం కింద మన కోర్టులు నేరుగా ప్రాణం గురించే మాట్లాడతాయి. 1983లో రుదుల్ సా కేసులో, నిర్దోషిగా విడుదలయ్యాక కూడా పద్నాలుగేళ్లు బీహార్ జైల్లో ఉంచినందుకు సుప్రీంకోర్టు పరిహారం ఇప్పించింది. 1993లో నీలబతి బెహరా కేసులో కస్టడీ మరణానికి తల్లికి లక్షన్నర రూపాయలు ఇప్పిస్తూ, ఇది రాజ్యాంగ హక్కును కాలరాసినందుకు రాజ్యం మీద పడే ప్రత్యేక బాధ్యత అని వివరించింది. కాజిల్ రాక్‌లో మూసుకుపోయిన తలుపు మన దగ్గర ఇప్పటికే తెరుచుకుని ఉంది. కాకపోతే గృహహింస బాధితురాళ్ల కోసం ఎవరూ అందులోంచి నడవడం లేదు.

అమెరికా కథ కూడా అక్కడితో ఆగలేదు. 2011లో అమెరికా ఖండాల మానవహక్కుల కమిషన్ ఆ తల్లి ఫిర్యాదు విని, రక్షణలో అమెరికా ప్రభుత్వం విఫలమైందని తేల్చింది. అంతకు చాలా ముందే, 1983లో ఓరెగాన్ రాష్ట్ర సుప్రీంకోర్టు ఇదే రకం ఉత్తర్వును తెలిసీ అమలు చేయని పోలీసులు బాధితురాలికి నష్టపరిహారం చెల్లించాల్సి రావచ్చని చెప్పింది. అది ఊరందరి పట్లా ఉన్న బాధ్యత కాదు, ఉత్తర్వులో పేరున్న మనిషి పట్ల ఉన్న బాధ్యత అన్నదే అక్కడి తర్కం. కనెక్టికట్‌లోని టారింగ్టన్ పట్టణంలో పోలీసు కళ్లెదుటే భర్త దాడికి గురైన స్త్రీకి 1985లో జ్యూరీ 23 లక్షల డాలర్లు ఇప్పించింది. మరుసటి ఏడాదే ఆ రాష్ట్రం గృహహింసలో అరెస్టు తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది. 2009 జూన్‌లో యూరప్ మానవహక్కుల కోర్టు టర్కీ మీద ఇచ్చిన తీర్పులో, పదేపదే ఫిర్యాదులు వచ్చినా పట్టించుకోక ఒక తల్లి హత్యకు దారితీసిన ప్రభుత్వం జీవించే హక్కును ఉల్లంఘించిందని చెప్పి, కూతురికి 30 వేల యూరోలు ఇప్పించింది. కనెక్టికట్ అనుభవం ఒక్క సంగతి చూపిస్తుంది. డబ్బు చెల్లించాల్సి వస్తే పాలకులు పద్ధతులు మార్చుకుంటారు. హితవు చెప్పి ఊరుకుంటే ఆ మార్పు రాదు.

మనకు హితవులకు కొదవ లేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 18 నుంచి 49 ఏళ్ల వయసున్న, పెళ్లయిన స్త్రీలలో సుమారు 30 శాతం మంది భర్త చేతిలో ఎప్పుడో ఒకప్పుడు హింస ఎదుర్కొన్నారు. దేశం మొత్తం మీద హింసకు గురైన స్త్రీలలో ఎవరి సాయమైనా కోరినవాళ్లు 14 శాతమే. ఆ కొద్దిమందిలోనూ ఎక్కువమంది వెళ్లింది సొంత కుటుంబం దగ్గరికే. జాతీయ నేర గణాంకాల్లో 2021లో గృహహింస చట్టం కింద దేశమంతటా నమోదైనవి 507 కేసులు. ఈ చట్టం కింద నేరమయ్యేది ప్రధానంగా ఉత్తర్వు ఉల్లంఘనే కాబట్టి, ఇంత పెద్ద దేశంలో ఏడాది మొత్తానికి పోలీసులు గుర్తించిన ఉల్లంఘనలు ఈ మాత్రమే అన్నమాట. అదే ఏడాది భర్త, అత్తింటివారి క్రూరత్వం మీద అప్పటి శిక్షాస్మృతి 498ఎ సెక్షన్ కింద లక్షా 36 వేలకు పైగా కేసులు నమోదయ్యాయి. మొగుళ్లంతా ఒక్కసారిగా కోర్టు ఉత్తర్వులకు తలొగ్గడం మొదలుపెట్టారని ఎవరూ నమ్మరు. ఉల్లంఘన ఫిర్యాదులు ఎఫ్ఐఆర్ దాకా రావడం లేదని అనుకోవడమే సమంజసం. గుత్తి లాంటి చోట ఇది ఇంకా తీవ్రంగా ఉంటుంది. జిల్లా కేంద్రం అనంతపురం యాభై కిలోమీటర్లకు పైనే. వానలు తప్పిన ఏడాది కుటుంబాలు బెంగళూరుకు వలసపోతాయి, స్త్రీ ఒక చోట, భర్త మరో చోట. చట్టం మాత్రం ఈ కష్టాన్ని ముందే ఊహించింది. ఆమె తాత్కాలికంగా ఉన్న చోట కూడా కేసు వేయవచ్చు. ఎక్కడ ఉత్తర్వు వచ్చినా దేశమంతటా అమలు కావాలని 27వ సెక్షన్‌లోనే ఉంది. గుత్తి ఉత్తర్వును బెంగళూరు పోలీసు పక్కన పెట్టడానికి వీల్లేదు. కాగితం ప్రయాణిస్తుంది, బాధ్యత దాని వెంట ప్రయాణించడం లేదు.

రక్షణ అధికారుల పరిస్థితి కూడా ఈ లెక్కలోనే చూడాలి. చాలాచోట్ల వేరే శాఖా పనులున్న అధికారికే ఈ హోదా అంటగట్టారు. చట్టం అమలు సరిగా లేదని 'వుయ్ ద విమెన్ ఆఫ్ ఇండియా' సంస్థ వేసిన వ్యాజ్యంలో 2025 మేలో సుప్రీంకోర్టు, జిల్లా, తాలూకా స్థాయిల్లో మహిళా శిశు సంక్షేమ శాఖ అధికారులను రక్షణ అధికారులుగా గుర్తించి నియమించమని, అలా నియమించని చోట ఆరు వారాల్లో పూర్తి చేయమని రాష్ట్రాలను ఆదేశించింది. 2006 అక్టోబరు 26న అమల్లోకి వచ్చిన చట్టానికి దాదాపు పంతొమ్మిదేళ్లయ్యాక కోర్టు ఈ మాట చెప్పాల్సి రావడమే అసలు సాక్ష్యం. 35వ సెక్షన్‌లోని సద్భావం అనే గొడుగు కూడా పరిశీలించదగ్గది. సాధారణ నిబంధనల చట్టం ప్రకారం, నిజాయితీగా చేసిన పని నిర్లక్ష్యంతో చేసినా సద్భావమే. శిక్షాస్మృతి స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత ప్రకారమైతే జాగ్రత్త లేకుండా చేసినది సద్భావమే కాదు. గృహహింస చట్టంలో ప్రత్యేక నిర్వచనం లేకపోవడంతో మొదటి అర్థమే వర్తించి, నిర్లక్ష్యపు అధికారికి రక్ష దొరుకుతుంది. కానీ ఆ సెక్షన్ రక్షణ అధికారి గురించే మాట్లాడుతుంది, పోలీసుల పేరు అందులో లేదు. ఫిర్యాదు కాగితం తీసుకోవడానికే ఇష్టపడని మనిషి నిజాయితీగా పని చేశాడని చెప్పడానికీ వీల్లేదు. ఆ గొడుగు కింద ప్రభుత్వం మొత్తం తలదాచుకోవడం న్యాయం కాదు.

పోలీసుల వైపు నుంచి వచ్చే అభ్యంతరాలు మరో రెండున్నాయి. సిబ్బంది తక్కువ, పల్లెలు దూరం, ఒక్క ఎస్సై ఎన్ని చోట్లకు పరిగెత్తగలడు అన్నది మొదటిది. ఇది నిజం. అందుకే బాధ్యతను ఫలితం బట్టి కొలవకూడదు, ప్రయత్నం బట్టి కొలవాలి. ఫిర్యాదు అందిందా, అందిన సంగతి జనరల్ డైరీలో రాశారా, ఉల్లంఘన కనబడితే కేసు కట్టారా, మనిషిని పంపారా, ఆమెను తాత్కాలికంగా సురక్షితమైన చోటికి చేర్చారా, మెజిస్ట్రేటుకు తెలిపారా? వీటిలో ఏ ఒక్కటైనా చేసి, అయినా నష్టం జరిగితే ప్రభుత్వం తన జవాబు తాను చెప్పుకోగలదు. ఏదీ చేయనప్పుడు సిబ్బంది కొరత అనేది కారణం కాదు, సాకు. రెండోది, తప్పుడు కేసుల భయం. డీవీసీలు బెదిరింపు కోసం వేస్తున్నారని, వాటికి ప్రభుత్వ సొమ్ము కూడా తోడైతే వెల్లువ వస్తుందని అంటారు. కానీ ఇక్కడ పరిహారం కేసు వేసినందుకు రాదు. మెజిస్ట్రేటు ఉత్తర్వు ఇచ్చాక, దాన్ని మీరాక, మీరిన సంగతి అధికారులకు చేరాక, వాళ్లు కదలనందువల్ల నష్టం జరిగితేనే వస్తుంది. ఈ నాలుగు మెట్లూ ఎక్కాల్సిన చోట అబద్ధపు ఫిర్యాదు నిలవదు. ఉత్తర్వు అన్యాయమనుకున్న భర్తకు పరిస్థితి మారిందని మార్పు కోరే దారి 25వ సెక్షన్‌లో, ముప్పై రోజుల్లో అప్పీలు చేసే దారి 29వ సెక్షన్‌లో ఉన్నాయి. ఉత్తర్వు తప్పు అనుకునే పోలీసుకు మాత్రం దాన్ని పక్కన పెట్టే అధికారం లేదు. అది కోర్టు చూసుకోవాల్సిన పని.

ఇంకొకరు అడుగుతారు: చివరికి ఆ డబ్బు ప్రజల పన్నుల్లోంచేగా వచ్చేది, ఒక అధికారి తప్పుకు అందరూ ఎందుకు కట్టాలి? దీనికి సుప్రీంకోర్టే 1993లో లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో దారి చూపింది. ముందు బాధితులకు సంస్థ చెల్లించాలి, తర్వాత తప్పు చేసిన అధికారి నుంచి రాబట్టుకోవాలి. బాధితురాలు ఎవరి తప్పు ఎంతో తేలేదాకా ఎదురుచూడాల్సిన పని ఉండదు, ప్రజల సొమ్మూ పోదు. బాధితుల పరిహార పథకం ఇప్పటికే ఉంది కదా అని కూడా కొందరంటారు. అది నేరానికి గురైన ఎవరికైనా రాష్ట్రం ఇచ్చే సాయం. అందులో తప్పొప్పుల ప్రస్తావన లేదు, స్టేషన్‌లో ఎవరి నిర్లక్ష్యమూ తేలదు. సాయం తీసుకున్నాక ఆ స్త్రీ కృతజ్ఞత చూపించాల్సి వస్తుంది. నష్టపరిహారం తీసుకుంటే ఆమె తన హక్కు రాబట్టుకున్నట్టు. అంతకన్నా ముఖ్యం, దావాలో వచ్చిన తీర్పు రికార్డులో ఉంటుంది. మళ్లీ అదే స్టేషన్‌లో అదే పొరపాటు జరిగితే దాన్ని ఎత్తిచూపవచ్చు.

ఈ దారి ఇప్పుడే నడవదగ్గదని తెలుసుకోవాల్సిన వాళ్లు బాధితులు, వాళ్ల వకీళ్లు. ఉల్లంఘన జరిగిన ప్రతిసారీ రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. 2006 నాటి నియమాల ప్రకారం రక్షణ అధికారికి కూడా ఇవ్వవచ్చు, ఆయన దాన్ని మెజిస్ట్రేటుకు పంపాలి. నేరుగా మెజిస్ట్రేటుకూ ఇవ్వవచ్చు. స్టేషన్‌లో రసీదు ఇవ్వకపోతే స్పీడ్ పోస్టులో ఎస్పీ కార్యాలయానికి పంపి, ఆ చీటీ దాచుకోవాలి. రేపు దావాలో ప్రభుత్వానికి ముప్పు తెలుసని నిరూపించేది అదే. ప్రభుత్వం మీద దావాకు సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షన్ కింద రెండు నెలల ముందు నోటీసు ఇవ్వాలి, అత్యవసరమైతే కోర్టు అనుమతితో నోటీసు లేకుండానే వేయవచ్చు. కాలపరిమితి విషయంలో తొందర అవసరం. చట్టం కింద చేసిన, చేయని పనులకు పరిహారం దావా ఏడాదిలోపే వేయాలన్న నియమం ఒకటుంది. కోయిలకుంట్ల దావాను కింది కోర్టు కొట్టేసింది దాని పేరుతోనే, హైకోర్టు మూడేళ్ల గడువు వర్తిస్తుందని చెప్పాకే దావా బతికింది. అదే ప్రాణం పోసిందని నమ్మి ఆగకుండా, ఏడాది లోపలే వేయడం మేలు. హక్కుల ఉల్లంఘన స్పష్టంగా ఉంటే నేరుగా హైకోర్టులో రిట్ పిటిషన్ వేసి పరిహారం కోరే దారీ ఉంది. వీటికయ్యే ఖర్చుకు భయపడక్కర్లేదు. 1987 నాటి న్యాయసేవల చట్టం స్త్రీలందరికీ, ఆదాయంతో పని లేకుండా, ఉచిత న్యాయ సహాయం ఇచ్చింది. వకీలు ఫీజూ, కోర్టు ఫీజూ అందులోకే వస్తాయి.

కానీ అన్ని బరువులూ ఆమె మీదే పెట్టి చేతులు దులుపుకోకూడదు. రాష్ట్ర ప్రభుత్వం తన వంతుగా చేయగల పనులు స్పష్టంగా ఉన్నాయి. ప్రతి స్టేషన్‌లో అమల్లో ఉన్న రక్షణ ఉత్తర్వులకు ఒక రిజిస్టరు పెట్టాలి. ఉల్లంఘన ఫిర్యాదు వస్తే ఎన్ని గంటల్లో కదలాలో ఉత్తర్వుతో నిర్ణయించాలి. రక్షణ అధికారి పేరూ ఫోను నంబరూ కోర్టు, స్టేషన్, సచివాలయాల గోడల మీద రాయాలి. అన్నింటికీ మించి, ఉత్తర్వు అమలులో నిర్లక్ష్యం వల్ల నష్టం జరిగితే ప్రభుత్వమే నేరుగా చెల్లిస్తుందని, బాధ్యుడైన అధికారి నుంచి తిరిగి రాబట్టుకుంటుందని గృహహింస చట్టంలో ఒక సెక్షన్ చేర్చాలి. పార్లమెంటు దాకా ఆగకుండా రాష్ట్రమే సవరణ తెచ్చుకోవచ్చు, కేంద్ర చట్టంతో పొత్తు కుదరని చోట రాష్ట్రపతి సమ్మతి తీసుకుంటే చాలు. రక్షణ ఉత్తర్వు అంటే రాజ్యం ఒక స్త్రీకి పేరు పెట్టి రాసిచ్చిన మాట. ఆ మాట తప్పితే రాజ్యం పరిహారం చెల్లించాల్సిందే. అలా చెల్లించేదాకా మన గృహహింస చట్టం కొట్టేవాణ్ని మాత్రమే భయపెట్టాలని చూస్తుంది, కాపాడాల్సిన వాణ్ని నిశ్చింతగా కూర్చోనిస్తుంది.